దూది కొఱకు పుట్టిన దారి

నరసాపురము చెంత మాధవాయపాలెమను చిన్న యూరొకటి కలదు. అచ్చట ఈస్టిండియా కంపెనీవారు బట్టల కోఠీ నెలకొల్పి, ఆ చుట్టుపట్ల నేతగాండ్రు నేసిన మెత్తని నూలుబట్టను కొని ఓడల కెక్కించుచుండిరి; ఆ యూరి పేరే వారి నోట నలిగి నలిగి ‘మదపోలము’ అను బట్ట పేరయినది. పందొమ్మిదవ శతాబ్దమున అదే పేరు పెట్టుకొన్న గుడ్డ ఇంగ్లండులోని లంకాషైరు మరమగ్గములపై నేయబడి దేశదేశములకు అమ్మకమునకు పోయెను. పేరు మనది, దూది అమెరికాది, నేత లంకాషైరుది. ఈ మూటిని ముడివేసిన బజారు మాంచెస్టరు నగరము. ఆ ముడి యెట్లు పడినదో తెలియగోరువారు ఆ నగరమున లివర్‌పూల్ రోడ్డు అను వీధియందు నిలిచియున్న రెండు పాత కట్టడములను చూడవలెను. అందొకటి రైలు స్టేషను, రెండవది పట్టాల కావలి వైపుననున్న గిడ్డంగి.

మాంచెస్టరు మొదట మహానగరము కాదు; రోమనులు కాసిల్‌ఫీల్డున కట్టిన కోట శిథిలమైపోగా, దానికి కొంత యెడముగా పెరిగిన సంతయూరు. దానికి కలిసివచ్చినవి తడిగాలియు, బొగ్గును. గుంటమగ్గమున కూర్చుండు మన నేతగానికి తడిగాలి విలువ యెవ్వరును చెప్పనక్కఱలేదు. ఎండగాలికి పోగు పెళుసెక్కి తెగును, తేమ యున్నచో సాగి నిలుచును. ఇక బొగ్గు సంగతి: బ్రిడ్జ్‌వాటర్ ప్రభువునకు వర్‌స్లీ యను చోట గనులుండెను గాని, ఆ బొగ్గు నగరము చేరునప్పటికి మోతకూలి తడిసి మోపెడగుచుండెను. ఆయన జేమ్స్ బ్రిండ్లీ యను ఇంజనీరుచేత కాలువ త్రవ్వించి, అడ్డుపడిన ఇర్వెల్ నదిని వంతెన మీదుగా దాటించి, 1761లో పడవలు నడిపించెను. కోనసీమలో వైనతేయ గోదావరిపై గన్నవరము అక్విడక్టును చూచినవారికి నదిపై కాలువ పాఱుట వింత గాదు. ఆనాటి ఇంగ్లండున మాత్రము అది చూడవచ్చినవారందఱు ముక్కున వ్రేలిడుకొన్న పని. నగరమున బొగ్గు వెల సగమునకు సగము పడిపోయెను. అటుపిమ్మట ఆంకోట్సు పేటయందు ఆవిరియంత్రములతో నూలు వడకు మిల్లులు వరుసగా లేచినవి. 1798లో నెలకొన్న మరే సోదరుల మిల్లు ఎఱ్ఱయిటుకల గోడలతో నేటికిని ఆ పేటలోని కాలువ యొడ్డున నున్నది.

మిల్లులు పెరిగినకొలది దూది చాలదయ్యెను. అట్లాంటికు సముద్రము దాటిన బేళ్లు లివర్‌పూల్ రేవున దిగి, అటనుండి ముప్పదిమైళ్ల పైచిల్లర దూరము నదిని, కాలువలను పట్టుకొని రావలెను. వేసవిలో నీరు తగ్గి, శీతకాలమున నీరు గడ్డకట్టి, పడవ లెక్కడివక్కడ నిలిచిపోయెడివి. పైగా కాలువల యజమానులు అడిగినంత బాడుగ. సముద్రము దాటుటకు పట్టినంత కాలము ఈ ముప్పదిమైళ్లకును పట్టుచున్నదని వర్తకులు మొఱపెట్టుకొనిరి. తుదకు వారే కంపెనీగా కూడి, ఒకసారి కాదన్న పార్లమెంటును రెండవసారి ఒప్పించి, 1826లో రైలు దారికి అనుమతి సంపాదించిరి. పని జార్జి స్టీఫెన్‌సనుది. బొగ్గుగని కూలికి పుట్టి, పదునెనిమిదేండ్లు వచ్చువఱకు అక్షరములెఱుగని యీ మనుష్యుడు చాట్ మాస్ అను ఊబినేలను దాటించిన తీరు నేటి ఇంజనీర్లును ఆదరముతో చెప్పుకొనదగినది. పోసిన మట్టిని పోసినట్లే మ్రింగివేయుచు నాలుగైదు మైళ్లు పఱచుకొనియున్న ఆ బాడవకు అడుగు కనుగొన ప్రయత్నింపక, కొమ్మలను పొదలను తడికలుగా అల్లి పఱపించి, వానిపై మట్టియు కంకరయు వేయించి, రైలు దారిని తెప్పవలె తేల్చివేసెను. నేడు ఎలక్ట్రిక్ రైళ్లు ఆ నేలమీదుగానే పరుగిడుచున్నవి.

1829 అక్టోబరున రెయిన్‌హిల్లునొద్ద రైలింజనులకు పెట్టిన పందెమున స్టీఫెన్‌సనుల ‘రాకెట్’ ఇంజను 500 పౌనుల బహుమానము గెలిచిన కథ పాఠ్యపుస్తకముల కెక్కినదే. 1830 సెప్టెంబరు 15వ తేదీన జరిగిన ప్రారంభోత్సవము మాత్రము శుభముగా సాగలేదు. నడుమ పార్క్‌సైడునొద్ద ఇంజనులు నీరు పట్టుకొనుచుండగా, లివర్‌పూల్ పార్లమెంటు సభ్యుడు విలియం హస్కిసను బండి దిగి ప్రధానమంత్రి వెల్లింగ్టన్ ప్రభువుతో మాటాడబోయి, రెండవ దారిపై వచ్చుచున్న ‘రాకెట్’ క్రిందపడి ఆ సాయంకాలమే మరణించెను. ఆ విషాదముతో బండ్లు మాంచెస్టరు చేరునప్పటికి అచ్చటి జనము జయధ్వానములతో గాక ప్రధానమంత్రిమీది ఆగ్రహముతో కాచుకొనియుండిరి. పదునొకండేండ్ల క్రిందట, 1819లో, ఓటుహక్కు కొఱకు పీటర్సు మైదానమున గుమిగూడిన నిరాయుధులపై గుఱ్ఱపురౌతులు కత్తులు దూసిన సంగతిని ఆ యూరు మఱచియుండలేదు. ఆ బండ్లలో ఫానీ కెంబిల్ అను యువనటి యుండెను. జనసమూహమునకు పైన ఎత్తుగా ఒక మగ్గమును నిలిపిరనియు, దానియందు చింపిరి గుడ్డలతో, పస్తులతో ఎండిన నేతగా డొకడు కూర్చుండెననియు, యంత్రముల విజయమునకు ఎదురుమాటగనే అతని నచ్చట నుంచిరనియు ఆమె వ్రాసియున్నది. ఆ మగ్గమునుగూర్చి చదివినప్పుడు నాకు మాధవాయపాలెపు మగ్గములు తలపునకు వచ్చినవి. సముద్రముల కీవల నావల ఒకే మరచప్పుడునకు చేతిమగ్గము మూగవోయినది.

ఈ దారి వేసినవారి చూపు ముఖ్యముగా సరకుమీదనే గాని మనుష్యులమీద లేదు. అయినను ఏమగును? ప్రయాణికులు విరగబడి వచ్చిరి. గూడ్సు బండ్లు డిసెంబరునగాని మొదలుకాలేదు. లివర్‌పూల్ రోడ్డు స్టేషను ఒక మోస్తరు గృహస్థుని మేడవలె నుండును. మొదటి తరగతివారి కొక వాకిలి, రెండవ తరగతివారి కొక వాకిలి. దానిపై సూర్యఘటికాయంత్రమొకటి కలదు. దేశమంతటికి ఒకే గడియారము లేక, ఊరి కొక ప్రొద్దుగా నడచిన దినముల గుఱుతది. 1844లో దారిని విక్టోరియా స్టేషనుకు పొడిగించుటతో ఇచ్చట ప్రయాణికుల రాకపోకలు ఆగిపోయి, 1975 వఱకు సరకులు మాత్రమే నడచినవి. ఈ నిరాదరణయే దానిని కాపాడినది; జనము పెరుగుచుండిన తక్కిన స్టేషనులను పడగొట్టి తిరిగి కట్టిరి, దీని జోలికెవ్వరును రాలేదు.

నా మనస్సు మాత్రము గిడ్డంగిమీదనే నిలుచును. 1830లో కొద్దినెలలలో లేచిన ఆ యిటుకకట్టడము ప్రపంచమున నేటికి నిలిచియున్న రైల్వే గిడ్డంగులలో తొలిది. రైలు దారి వీధికంటె ఎత్తున నుండుటచే, పట్టాలవైపు నేలమట్టమున నున్న ద్వారము వీధివైపునుండి చూచువారికి మేడమీది అంతస్తు. వచ్చిన పెట్టెల నొక్కొక్కటిగా విడదీసి, గుండ్రని తిరుగుడుబల్లమీద అడ్డముగా త్రిప్పి, కమానుద్వారమున లోనికి త్రోసెడివారు. లోపల కప్పీలతో బేళ్లను పై యటకలకు చేదుకొనియో, క్రిందికి దించి వీధినున్న గుఱ్ఱపుబండ్ల కెక్కించియో సాగనంపెడివారు. లోన వరుసలుగా నిలిచిన కొయ్యస్తంభములు, అడ్డదూలములు చూచువారికి ఓడగర్భము తోచును. రైలును బండియు ఒకచోట కలిసికొను ఈ యేర్పాటు నేటి సరకురవాణాకు ఒక మూలము. అయితే ఆ బేళ్లలో హెచ్చుభాగము అమెరికాలోని నల్లజాతి బానిసలు కొరడాదెబ్బలు తినుచు ఏరిన ప్రత్తియని మఱచి దీనిని పొగడుట న్యాయము కాదు. 1861లో అచ్చట అంతర్యుద్ధము పుట్టి దూది రాక నిలిచిపోగా లంకాషైరు మిల్లుకూలీలు పస్తులుండిరి. అంత యిక్కట్టులోను మాంచెస్టరు కూలీలు సభ చేసి, బానిసత్వమును ఎదిరించు లింకనుకు బాసట తెలిపిరి. 1863లో ఆయన వారికి కృతజ్ఞతతో వ్రాసిన లేఖలోని మాటలు ఆ నగరమున ఆయన విగ్రహపు పీఠమున చెక్కబడియున్నవి.

దూది పోషించిన నగరము ఇనుమునకును పుట్టినిల్లయినది. 1854లో గోర్టను పేటలో బేయర్, పీకాక్ అను నిరువురు స్థాపించిన కర్మాగారము మూతపడిన 1966నాటికి ఎనిమిదివేలకు చేరువగా ఇంజనులు చేసినది. నడుమ బాయిలరు వ్రేలాడ, ముందు వెనుకల రెండు యంత్రభాగములతో మలుపులలో సర్పమువలె వంగిపోవు ‘గారట్’ ఇంజనులు వారి కీర్తి. మన బెంగాల్ నాగపూర్ రైల్వేవారును వానిని కొనిరి. అందొకటి ఢిల్లీ రైలు మ్యూజియమున నేటికిని కలదు.

1968లో దూదివర్తకుల రాయల్ ఎక్స్ఛేంజి భవనమున బేరములు నిలిచిపోయినవి. ఇప్పుడది నాటకశాల, ఆ కడపటి దినపు ధరలు పలకమీద నట్లే యున్నవి. లివర్‌పూల్ రోడ్డు స్టేషనును, గిడ్డంగిని 1983లో మ్యూజియముగా తెఱచిరి. కాని 2017లో నగరపు స్టేషనులను కలుపుటకు ఆర్డ్‌సల్ వద్ద క్రొత్త రైలు వంపు వేసినప్పుడు, తొలి స్టేషనునకును దేశపు రైలు దారులకును గల సంబంధము తెగిపోయినది. వద్దన్నవారు న్యాయస్థానములకు పోయి ఓడిరి. నగరమునకు రైళ్లు కావలెను, నిజమే. అయినను నూట ఎనుబదేండ్లకు పైగా తెగని ఆ తీగెను తెంపకుండ మఱియొక త్రోవ వెదకియుండవలసినదని నా నిశ్చితాభిప్రాయము. క్రొత్త వంతెన ప్రక్కనే, ఇర్వెల్ నదిమీద, స్టీఫెన్‌సను కట్టిన రాతివంతెన మాత్రము చెక్కుచెదరక నిలిచియున్నది. 1830లో తొలి బేళ్లు దానిమీదుగనే ఊరిలోనికి వచ్చినవి.