తెల్లవార్లూ ఆడే నటులు

పంట ఇల్లు చేరాక ఛత్తీస్‌గఢ్ పల్లెల్లో నాచా అనే జానపద నాటకం ఆడే రాత్రులు మొదలయ్యేవి. బయానా అందుకున్న పార్టీ సాయంత్రానికి ఊరు చేరేది. కాటుక, అర్దళం, సుద్ద పూసుకుని ముఖాలు సిద్ధం చేసుకునేవారు. అన్నాలు తిన్నాక జనం చుట్టూ చేరితే తెల్లవారేదాకా ఆట సాగేది. ఆడవేషం కట్టే మగవాణ్ని 'పరి' అంటారు, నవ్వించేవాణ్ని 'జోక్కడ్' అంటారు. పొద్దున వీళ్లలో చాలామంది మళ్లీ పొలం పనికో కూలికో పోవలసిందే.

ఊరూరా తిరిగే నటులు మనకూ ఉన్నారు. 1885లో కడప జిల్లా సురభిలో మన సురభి నాటక సమాజం 'కీచక వధ'తో పుట్టింది. తెరలు, సీనరీలు, పిల్లాజెల్లాతో సహా ఊరూరా తిరిగిన కుటుంబాలు దానివి. బొంబాయి పార్సీ కంపెనీలు కూడా అంతే భారీ సరంజామాతో దేశమంతా తిరిగాయి. నాచా పార్టీకి ఆ బరువు లేదు. తెర లేదు, రాసిన నాటకం లేదు. పాతకాలంలో వాద్యగాళ్లు తబలా నడుముకు కట్టుకుని నిలబడే వాయించేవారు. ఊరూరా తిరిగే నటుడికి గొంతు, ఒళ్లు, సమయస్ఫూర్తి, ఇవే ఆస్తి. ఈ మూడింటితో రాత్రంతా ఊరిని కూర్చోబెట్టడం ఎంత కష్టమో ఆలోచిస్తే నాకు ఆ నటుల మీద గౌరవం రెట్టింపవుతుంది.

రాజ్‌నంద్‌గావ్ దగ్గర రవేలీ గ్రామానికి చెందిన దావూ మందరాజీ 1928లో నాచా పార్టీ కట్టి, చికారా అనే తీగవాద్యం స్థానంలో హార్మోనియం తెచ్చి, ఆటకు ఒక క్రమం ఇచ్చాడు. భూస్వామి కుటుంబంలో పుట్టినవాడు, ఉన్నదంతా నాచాకే ఖర్చుపెట్టాడు.

రాయ్‌పూర్‌లో 1923లో పుట్టిన నాటక దర్శకుడు హబీబ్ తన్వీర్ చిన్నతనంలో చూసిన నాటకాలు పార్సీ ఫక్కీవి. ఆయన అన్నగారు వాటిలో ఆడవేషాలు కట్టేవాడు. లండన్‌లో నాటకవిద్య చదివి వచ్చాక, 1958లో 'మృచ్ఛకటికం' ఆధారంగా 'మిట్టీ కీ గాడీ' నాటకం వేసేందుకు ఠాకుర్ రామ్, మదన్‌లాల్, లాలూ రామ్, భుల్వా రామ్ వంటి ఆరుగురు నాచా నటులను ఢిల్లీకి పిలిపించాడు. వాళ్ల చేత హిందీ మాట్లాడించాడు, ఎక్కడ నిలబడాలో, ఎటు కదలాలో గీత గీసినట్టు చెప్పాడు. పల్లెల్లో సింహాల్లా ఆడినవాళ్లు స్టేజీ మీద బిగుసుకుపోయారు. ఏళ్లు గడిచాక గాని హబీబ్‌కు కారణం అందలేదు. నాచా నటుడు జనం ఏ వైపు నవ్వితే ఆ వైపుకు తిరుగుతాడు. అవసరమైతే నవ్వించిన మాటనే మళ్లీ చెబుతాడు. అతనికి గుర్తుండేది కాగితం మీది వాక్యం కాదు, ఎదుటివాడి స్పందన. పైగా పరాయి భాషలో చమత్కారం ఎలా పుడుతుంది?

అందుకే 1973లో రాయ్‌పూర్‌లో నెలపాటు నాచా వర్క్‌షాప్ పెట్టి, నటులను వాళ్ల ఛత్తీస్‌గఢీలోనే ఆడనిచ్చాడు. పాత నాచా ప్రహసనాలను కలిపి అక్కడే 'గావ్ కే నావ్ ససురాల్, మోర్ నావ్ దమాద్' తయారైంది. నా దృష్టిలో ఆయన చేసిన పనుల్లో అత్యంత విలువైనది ఇదే. దర్శకుడు తన పట్టు సడలిస్తేనే నటుడికి ప్రాణం వస్తుందని ఆయన పని చేస్తూ చేస్తూ తెలుసుకున్నాడు.

రెండేళ్లకు 'చరణ్‌దాస్ చోర్' వచ్చింది. రాజస్థానీ రచయిత విజయ్‌దాన్ దేథా చెప్పిన జానపద కథ దీనికి మూలం. నిజమే చెబుతానని గురువుకు మాటిచ్చిన దొంగ, ఆ మాట కోసమే ప్రాణం వదులుతాడు. పాటలకు, నృత్యానికి సత్‌నామీ శాఖవారి పంథీ నృత్యరీతి ఊపిరి పోసింది. రాణిగా ఫిదా బాయి నటించింది. ఊళ్లు తిరిగే దేవార్ గాయకుల కులం ఆమెది. ఈ నాటకం 1982లో ఎడిన్‌బరో ఉత్సవంలో 'ఫ్రింజ్ ఫస్ట్' బహుమతి గెలుచుకుంది.

చరణ్‌దాస్ పాత్ర పోషించినవారిలో గోవింద్ రామ్ నిర్మల్కర్ ఒకడు. 2009లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చారు. అప్పటికే ఆరోగ్యం దెబ్బతింది, చేతిలో డబ్బు లేదు. 2014లో చనిపోయాడు. బిరుదుతో పాటు ముసలితనంలో బతకడానికి సరిపడే పింఛను కూడా ఇలాంటి నటులకు ఇవ్వాలి. అది వాళ్లకు రావలసిన బాకీ.