ఆర్‌సీ కారు పార్టులు అల్ట్రాసోనిక్ క్లీనర్‌లో వేస్తున్నారా..? వీడియోలో చూపించని అసలు పని ఆ తర్వాతే..!

చిన్న స్టీల్ తొట్టి.. అందులో నీళ్లు. బురద పట్టిన బేరింగ్ వేసి బటన్ నొక్కగానే నల్లటి మురికి పొగలా బయటికొచ్చేస్తుంది. రిమోట్ కంట్రోల్ కార్లు నడిపేవాళ్లలో ఈ తరహా వీడియోలు చూడనివాళ్లు తక్కువే. చూడ్డానికి భలే ఉంటుంది. అయితే చాలా వీడియోలు అక్కడితోనే ఆగిపోతాయి. అదే బేరింగ్‌ను తడిగా పక్కన పడేస్తే మర్నాటికి తుప్పు మచ్చలు తేలతాయి. ఇంకొందరు మురికి త్వరగా వదులుతుందని తొట్టిలో పెట్రోల్ పోసేస్తుంటారు. అది మరీ ప్రమాదం. మరి ఈ మెషీన్‌ను ఎలా వాడాలి..? ఏ పార్టు వేయొచ్చు..? ఏది అస్సలు వేయకూడదు..?

అసలు ఇది ఎలా పనిచేస్తుందంటే..

ఈ మెషీన్ మనకు కొత్తదేం కాదు. కళ్లద్దాల షాపులోనో, నగల షాపులోనో మీరు చూసే ఉంటారు. అద్దాలు అందులో ముంచి రెండు నిమిషాల్లో తళతళలాడిస్తూ చేతికిస్తారు. తొట్టి అడుగున బయటి వైపు అతికించిన ట్రాన్స్‌డ్యూసర్లు చాలా వేగంగా కంపిస్తాయి. మామూలుగా దొరికే మెషీన్లలో ఇది 40 కిలోహెర్ట్జ్, అంటే సెకనుకు 40 వేల సార్లు. ఆ కంపనాలకు నీళ్లలో కంటికి కనపడనంత చిన్న బుడగలు పుట్టి, వెంటనే పేలిపోతాయి. ఒక్కో బుడగ పేలినప్పుడు పక్కనున్న మురికిని ఓ చిన్న దెబ్బ కొడుతుంది. దీన్నే కావిటేషన్ అంటారు. బ్రష్ దూరని సందుల్లోకి కూడా నీళ్లు వెళ్తాయి కాబట్టి దెబ్బ అక్కడా పడుతుంది. బేరింగ్ గోళీల మధ్య ఇరుక్కున్న ఇసుక బయటికొచ్చేది అందుకే.

ఆన్‌లైన్‌లో అల్ట్రాసోనిక్ అని పేరు పెట్టి, లోపల మామూలు వైబ్రేషన్ మోటార్ బిగించి అమ్మే చవక రకాలూ ఉన్నాయి. మీది ఏ రకమో తేల్చుకోవడం సులువే. వంటింటి అల్యూమినియం ఫాయిల్ ముక్కను అడుగు తగలకుండా నీళ్లలో వేలాడదీసి ఓ నిమిషం మెషీన్ నడపండి. ఫాయిల్ మీద గుంటలు, సన్నటి చిల్లులు పడితే అది నిజమైన అల్ట్రాసోనిక్. ఏమీ కాలేదా..? మీ దగ్గరున్నది నీళ్లు కదిపే డబ్బా మాత్రమే.

ఏవి వేయొచ్చు.. ఏవి వద్దు..

ఈ మెషీన్ కొన్నందుకు ఎక్కువ ఫలితం కనిపించేది బేరింగుల దగ్గరే. ఆ తర్వాత డిఫరెన్షియల్ గేర్లు, డ్రైవ్ షాఫ్టులు, స్క్రూలు, నైట్రో కార్ల కార్బురేటర్ భాగాలు. సస్పెన్షన్ ఆర్మ్స్ లాంటి నైలాన్ ప్లాస్టిక్ పార్టులకూ ఇబ్బంది లేదు. కానీ నిజం చెప్పాలంటే వాటికి పాత టూత్ బ్రష్, సబ్బు నీళ్లు చాలు. డిఫ్ గేర్లను మాత్రం ముందు గుడ్డతో బాగా తుడవాలి. అందులో వాడే చిక్కటి సిలికాన్ ఆయిల్ నీళ్లలో అంత తేలిగ్గా వదలదు. తుడవకుండా వేస్తే ఆ జిడ్డు తొట్టంతా పరుచుకుని మిగతా పార్టులకూ పడుతుంది.

ఇక వద్దన్నవి.. లైపో బ్యాటరీ దగ్గరికే రానివ్వకండి. రిసీవర్, స్పీడ్ కంట్రోలర్, సర్వో, మోటార్ కూడా వద్దు. స్పీడ్ కంట్రోలర్ మీద వాటర్‌ప్రూఫ్ అని రాసి ఉన్నా సరే. వానలో తడవడం వేరు, సెకనుకు 40 వేల సార్లు కంపించే నీళ్లలో మునగడం వేరు. పెయింట్ వేసిన బాడీని, స్టిక్కర్లు ఉన్న పార్టులను కూడా బయటే ఉంచండి.

చాలామంది నష్టపోయేది మరోచోట. ముచ్చటపడి కొన్న నీలం, ఎరుపు రంగుల అల్యూమినియం పార్టులు ఉంటాయి కదా. ఆ రంగు పెయింట్ కాదు, యానోడైజింగ్. వాషింగ్ సోడా లాంటి క్షారం ఎక్కువున్న క్లీనర్లు ఆ పొరను తినేస్తాయి. రంగు వెలిసిపోతుంది, కింద అల్యూమినియం కూడా మసకబారుతుంది. ఇలాంటి పార్టులను తేలికపాటి సబ్బు నీళ్లలో రెండు మూడు నిమిషాలకు మించి ఉంచొద్దు.

పెట్రోల్, థిన్నర్ పోస్తే..

గ్రీజు వదలాలంటే పెట్రోలే కరెక్ట్ అని మెకానిక్ షెడ్లలో అలవాటు. బయట గిన్నెలో కడిగే సంగతి వేరు.. ఈ తొట్టిలో మాత్రం చుక్క కూడా వద్దు. ఇది కరెంటు మీద నడిచే వస్తువు. చాలా వాటిలో హీటర్ కూడా ఉంటుంది. పైగా కంపనాల వల్ల ద్రవం సన్నటి తుంపర్లుగా, ఆవిరిగా పైకి లేస్తుంది. పెట్రోల్ ఆవిరి అంటుకోవడానికి స్విచ్‌లో పుట్టే చిన్న నిప్పురవ్వ చాలు. థిన్నర్, అసిటోన్, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కూడా అంతే. వీటిని గాజు సీసాలో పోసి ఆ సీసాను తొట్టి నీళ్లలో పెడితే ఫర్వాలేదని కొందరు చెబుతుంటారు. సీసా మూతిలోంచి వచ్చేదీ ఆవిరే కదా..! ఆ చిట్కా జోలికి పోకండి. బ్లీచింగ్ ద్రవాలు కూడా పోయొద్దు, వాటిలోని క్లోరిన్ స్టీల్ తొట్టికే చిల్లులు పెడుతుంది.

గోరువెచ్చని నీళ్లు, గిన్నెలు తోమే లిక్విడ్ కొన్ని చుక్కలు.. ఇంటి పనికి ఇది చాలు. బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువైతే తెల్లటి మరకలు మిగులుతాయి, కాబట్టి బ్యాటరీలకు పోసే డిస్టిల్డ్ వాటర్ అయితే మేలు. 50 నుంచి 60 డిగ్రీల వేడిలో మెషీన్ బాగా పనిచేస్తుంది. మరిగే వేడికి దగ్గరైతే బుడగల దెబ్బ తగ్గిపోతుంది. కొత్తగా పోసిన నీళ్లలో గాలి కలిసి ఉంటుంది. అందుకే పార్టులు వేయకముందే ఐదు పది నిమిషాలు ఖాళీగా నడపాలి. ఖాళీగా అంటే పార్టులు లేకుండా అని.. నీళ్లు లేకుండా మాత్రం క్షణం కూడా నడపొద్దు, ట్రాన్స్‌డ్యూసర్లు పాడవుతాయి.

బేరింగులకు రెండు వైపులా ఉండే రబ్బరు మూతలను సన్నటి సూదితో అంచు దగ్గర లేపి తీసేయండి. మూత ఉంటే లోపలి మురికికి దారి ఉండదు. మెటల్ మూతలైతే చిన్న రింగుతో బిగించి ఉంటాయి, ఆ రింగు తీసేటప్పుడు ఎగిరిపోతుంది జాగ్రత్త. పార్టులను అడుగున వేయకుండా మెష్ బుట్టలో వేలాడదీయాలి. మూడు నుంచి ఐదు నిమిషాలు నడిపి, తీసి చూసి, అవసరమైతే కొత్త నీళ్లలో మళ్లీ. ఒకేసారి అరగంట పెట్టి వదిలేయడం మంచి పద్ధతి కాదు. నడుస్తుండగా వేళ్లు ముంచొద్దు.

అసలు పని ఇప్పుడే మొదలవుతుంది

బేరింగ్‌లో మురికితో పాటు నూనె, గ్రీజు అన్నీ పోయాయి. ఇప్పుడు అది తడిగా ఉన్న వట్టి ఉక్కు. తుప్పు పట్టడానికి కొన్ని గంటలు చాలు. మంచినీళ్లలో జాడించి, వెంటనే మెత్తటి గుడ్డ మీద తట్టి నీళ్లు దులపాలి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌కు అసలైన చోటు ఇక్కడే. మెషీన్‌కు, పొయ్యికి దూరంగా, గాలి తగిలే చోట చిన్న గిన్నెలో పోసి బేరింగ్ ముంచి తీస్తే సందుల్లోని నీళ్లను లాగేసుకుని తానూ ఆవిరైపోతుంది. అది పూర్తిగా ఆరేదాకా హెయిర్ డ్రయర్ పెట్టొద్దు.

కంప్రెసర్ గాలితో బేరింగ్‌ను గిర్రున తిప్పి ఆరబెట్టడం చాలామందికి సరదా. నూనె లేని బేరింగ్ ఆ వేగంలో అరిగిపోతుంది, జారితే రాయిలా ఎగిరి కంట్లో తగులుతుంది. గాలి కొట్టాలంటే లోపలి, బయటి రింగులు రెండూ తిరగకుండా గట్టిగా పట్టుకుని కొట్టండి.

ఆరాక ఒక చుక్క బేరింగ్ ఆయిల్. బురదలో, ఇసుకలో నడిపే బండి చక్రాలకైతే గ్రీజు మేలు. కాస్త స్పీడు తగ్గినా లోపలికి చెత్త చేరదు. డబ్ల్యూడీ-40 కొట్టేసి సరిపెట్టేవాళ్లూ ఉన్నారు. దాని పేరులోని డబ్ల్యూడీకి అర్థమే నీటిని తరిమేది అని. ఆ పని బాగానే చేస్తుంది కానీ వేగంగా తిరిగే బేరింగ్‌కు నూనెగా ఎక్కువ రోజులు నిలవదు.

నైట్రో ఇంజిన్ ఉన్నవాళ్లకు ఓ మాట. ఆ ఇంధనంలో మిథనాల్, నైట్రోమీథేన్‌తో పాటు చాలా రకాల్లో ఆముదం కూడా ఉంటుంది. ఆముదం వేడికి మాడి ఇంజిన్ మీద గోధుమరంగు పొరలా గట్టిపడుతుంది. అది ఒక్క విడతలో పోదు, రెండు మూడు సార్లు వేయాల్సి రావొచ్చు. కార్బురేటర్ వేసే ముందు రబ్బరు ఓ-రింగులు విప్పి పక్కన పెట్టండి. ఇంజిన్ లోపలి బేరింగులు కూడా తడిశాయంటే నూనె పట్టించకుండా రాత్రంతా వదిలేయొద్దు.

చివరగా మూత బిగించే ముందు బేరింగ్‌ను చెవి దగ్గర పెట్టుకుని వేలితో మెల్లగా తిప్పండి. చప్పుడు లేకుండా తిరిగితే బండికి ఎక్కించొచ్చు. ఇంకా గరగరమంటుంటే లోపలున్నది మురికి కాదు, గోళీలో, వాటి దారో అరిగిపోయి గుంటలు పడ్డాయన్నమాట. దాన్ని ఏ మెషీనూ బాగుచేయలేదు, కొత్తది వేయాల్సిందే. ఎందుకంటే పరిగెత్తే బండిలో చక్రం బేరింగ్ బిగుసుకుపోతే ఆ వేడికి దాన్ని పట్టుకున్న ప్లాస్టిక్ హబ్ కూడా కరిగిపోతుంది.