ఖాళీ కడుపుతో డ్యూటీకెళ్తే కండకే చేటు

దుబాయ్‌లో మా రూమ్ వాళ్లందరం మొన్నటిదాకా పొద్దున ఒట్టి సులేమానీ తాగి సైట్ బస్సెక్కేవాళ్లం. "పదింటికి తిందాంలే అన్నా" అనుకునేవాళ్లం. అయినా చేతులు ఆడేవి, తల పనిచేసేది. మరి ఒంటికి చక్కెర ఎక్కడిది?

మెదడుకే రోజుకు సుమారు 120 గ్రాముల గ్లూకోజు కావాలి. కాలేయంలో ఉండే నిల్వ దాదాపు 100 గ్రాములే. రాత్రంతా అది తరిగిపోతుంటుంది. అప్పుడు ఒళ్లు కండలోని ప్రోటీన్‌ను అమైనో ఆమ్లాలుగా విడగొడుతుంది. వాటిలో అలనిన్ రక్తంలో కలిసి కాలేయానికి చేరుతుంది. అక్కడ నత్రజని భాగం విడిపోయి, యూరియాగా మారి మూత్రంలో పోతుంది. మిగిలిన పైరువేట్ గ్లూకోజు అవుతుంది. ఇటుకలు చాలక, కట్టిన గోడనే పగలగొట్టి వాడుకున్నట్టన్న మాట. కొవ్వులోని గ్లిజరాల్ కూడా కొంత సాయం చేస్తుంది.

వెనక్కి దారీ ఉంది. పైరువేట్‌కు నత్రజని తగిలిస్తే మళ్లీ అలనిన్. కానీ ప్రోటీన్లు కట్టే 20 అమైనో ఆమ్లాల్లో 9 మన ఒళ్లు చేసుకోలేదు. ఎంత చక్కెర తిన్నా అవి రావు, తిండిలోనే దొరకాలి. వాటిలో ఒకటైన లైసిన్ అన్నంలో, ఖుబూస్‌లో తక్కువ, పప్పులో ఎక్కువ.

ఒక్క పూట మానితే కండ కరిగిపోదు. తిన్నాక మళ్లీ కట్టుకుంటుంది. రోజూ పస్తులుండి, పప్పు, గుడ్డు కూడా లేకపోతేనే నష్టం. అందుకే ఇప్పుడు రాత్రే గుడ్లు ఉడకబెట్టి ఫ్రిజ్‌లో పెడుతున్నాం. షుగరు మందులు వాడే అన్నలు మాత్రం ఖాళీ కడుపుతో బయల్దేరొద్దు, డాక్టరును అడగండి. ఇంటికి పంపే డబ్బు ఈ కండ కష్టమే కదా!