బెత్తెడు కొలతలో వైద్యం

మా అత్తయ్యగారు షుగర్ మాత్రలు మానేసిన సంగతి పదిహేను రోజులదాకా మాకెవరికీ తెలియలేదు. ఎగ్జిబిషన్‌లో ఎవరో పాదం బొమ్మ మీద చుక్కలు పెట్టిన చార్టూ, బొడిపెల చెక్క రోలరూ అంటగట్టి, "రోజూ ఇది తొక్కితే మాత్రలతో పనిలేదమ్మా" అన్నాట్ట. ఇంకేం, ఆవిడ పొద్దునా సాయంత్రం టీవీ ముందు కూచుని రోలరు దొర్లించడం, మాత్రల సీసా బియ్యం డబ్బా వెనక్కి నెట్టెయ్యడం. ఓరోజు వంటింట్లో కళ్ళు తిరిగి కూలబడ్డారు. పరీక్ష చేయిస్తే షుగరు 380! డాక్టరుగారు చీవాట్లు పెట్టింది మాత్రం నాకు.

ఇంటికొచ్చి ఆ చార్టు చింపెయ్యబోయి ఆగిపోయాను. ఘాట్ రోడ్డంటేనే వాంతులు చేసుకునే మా అమ్మాయిని, మణికట్టు దగ్గర నొక్కుతూ తిరుమల కొండ ఎక్కించింది నేనే కదా! మరి అక్కడ పనికొచ్చింది ఇక్కడెందుకు ప్రాణం మీదికి తెచ్చింది? ఇదేదో తేల్చుకోవాలని పుస్తకాలు తెచ్చుకుని కూచున్నాను.

ఈ వైద్యం పుట్టిల్లు చైనా. రెండువేల ఏళ్ళ కిందట కూర్చిన 'హువాంగ్‌డీ నైజింగ్' అనే గ్రంథంలో చక్రవర్తి అడుగుతుంటే వైద్యుడు చెబుతాడు. ఒంట్లో 'చీ' అనే ప్రాణశక్తి కొన్ని దారుల వెంట ప్రవహిస్తుందనీ, యిన్, యాంగ్ అనే రెండు గుణాలు సమంగా ఉంటే ఆరోగ్యమనీ వాళ్ళ నమ్మకం. ముఖ్యమైన దారులు పన్నెండు, ఒంటి ముందూ వెనకా నడిమధ్యన పోయే మరో రెండూ కలిపి పద్నాలుగు. పొలం కాలవకి మట్టి అడ్డుపడితే పారతో తీస్తాం చూడండి, అలాగన్నమాట. దారి మీదున్న బిందువు దగ్గర సన్నటి సూది గుచ్చితే ఆక్యుపంక్చర్, వేలితో నొక్కితే ఆక్యుప్రెషర్.

నన్ను కట్టిపడేసింది మాత్రం కంచు మనిషి కథ. 1027 ప్రాంతంలో సోంగ్ చక్రవర్తి కొలువులోని వాంగ్ వైయీ అనే వైద్యుడు నిలువెత్తు కంచు విగ్రహాలు పోయించాడు. బిందువులున్న చోటల్లా సన్నటి రంధ్రాలు. పరీక్షనాడు పైన మైనం పూసి, లోపల నీళ్ళు నింపేవారట. శిష్యుడి సూది సరైన చోట దిగిందా, నీరు చిమ్మేది. లేదా, మళ్ళీ చదువుకో నాయనా అన్నట్టే! ఇలా నేర్పిన విద్యని మనకి రోలరు కొనగానే వచ్చేస్తుందని చెబుతున్నారు.

కొలత కూడా తమాషాగా ఉంటుంది. రోగి బొటనవేలి వెడల్పు ఒక కొలత, నాలుగు వేళ్ళు కలిపితే మూడు. అంటే మన బెత్తెడే! అయితే ఎవరి ఒంటికి వాళ్ళ వేళ్ళే కొలవాలి. మా అమ్మాయికి మొదట నా వేళ్ళతో కొలిచి పొరబడ్డాను. మణికట్టు ముడత నుంచి మోచేతివైపు మూడు వేళ్ళు (తనవే) ఆనించి, తాళ్ళలా తగిలే రెండు నరాల మధ్య నొక్కాలి. వికారానికి చెప్పే 'నైగ్వాన్' బిందువు అదే.

చైనాలోనూ దీనికి అన్నీ మంచిరోజులే కావు. 1822లో చక్రవర్తే రాజవైద్య విద్యాలయంలో సూదివైద్యం నిషేధించాడు. 1950లలో మావో ప్రభుత్వం మళ్ళీ తలకెత్తుకుంది. 1938లో చైనాకి వెళ్ళిన మన వైద్యబృందంలో, కోట్నీస్‌తోపాటు ఉన్న డాక్టర్ బి.కె. బసు తర్వాత అక్కడే ఇది నేర్చుకుని కలకత్తాకి తెచ్చారు. 1971లో అమెరికా పత్రికా రచయిత జేమ్స్ రెస్టన్‌కి పెకింగ్‌లో అపెండిక్స్ ఆపరేషన్ జరిగింది. సూదులతోనే కోశారని చాలామంది చెప్పుకుంటారు గానీ, కాదు. మత్తుమందు మామూలుదే. తర్వాత కడుపు ఉబ్బరానికి మోచేతికీ, మోకాళ్ళ కిందా సూదులు వేశారు. ఉపశమనం కలిగిందని ఆయన రాశాక అమెరికా అంతా దీని మాటే.

ఇంతకీ పనిచేస్తుందా? 2007లో జర్మనీలో 1162 మంది నడుంనొప్పి రోగుల మీద పెద్ద పరీక్ష ఫలితం వచ్చింది. ఆర్నెల్ల తర్వాత సూదులు వేయించుకున్నవాళ్ళలో 47.6 శాతం మందికి మేలు కనిపించింది. మందులు, వ్యాయామాలతో 27.4 శాతం మందికే. బాగానే ఉంది కదూ? కానీ బిందువులు కాని చోట, పైపైన గుచ్చినవాళ్ళలోనూ 44.2 శాతం మందికి తగ్గింది! పాపం కంచు మనిషి! సూది గుచ్చితే ఒంట్లో నొప్పి తగ్గించే ఎండార్ఫిన్లు ఊరతాయని కొందరంటారు, నమ్మకం పాలు కూడా ఉందని ఇంకొందరు. నొప్పులకీ వికారానికీ సాయపడొచ్చు సరే, షుగర్ మాత్రకి బదులనడానికి మాత్రం ఆధారం లేదు.

అన్నట్టు, అత్తయ్యగారి పాదం చార్టు ఆ పాత చైనా గ్రంథాలది కాదు. విలియం ఫిట్జెరాల్డ్ అనే అమెరికా డాక్టరు 1917లో రాసిన సంగతుల్ని, 1930లలో యూనిస్ ఇంగమ్ అనే ఆవిడ పాదాల మీదికి దించింది. పైగా షుగర్ ఉన్నవాళ్ళకి పాదాల్లో స్పర్శ తగ్గుతుంది, బొడిపెలు గీరుకుని పుండుపడ్డా తెలీదు. గర్భిణులు బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నొక్కకూడదని పాతకాలం నుంచీ చెబుతారు. ఛాతీమీద సూది లోతుగా దిగితే ఊపిరితిత్తికే చిల్లు.

"అయితే అది అమెరికావాడిదా! అందుకే పట్టలేదు" అన్నారు అత్తయ్యగారు. మాత్రల సీసా ఇప్పుడు కాఫీపొడి డబ్బా పక్కన, నా కళ్ళెదుట. రోలరు అటకెక్కింది. మోకాళ్ళనొప్పికి సూదులు వేయించుకుంటానని కొత్తపాట మొదలెట్టారు. కొత్త సూది మన ఎదురుగా విప్పే డాక్టరయితేనే తోడొస్తానన్నాను.