పార వెంట ఉండాలి.. చేతులు ఖాళీగా ఉండాలి! బ్రిటన్ కుందేళ్ల వేటలో అసలు చిక్కు ఇదే

డిసెంబర్ నెల.. దక్షిణ ఇంగ్లండ్‌లో ఓ పొలం గట్టు. టైమ్ మధ్యాహ్నం మూడున్నర. ఇంకో అరగంటలో సూర్యుడు దిగిపోతాడు. కుందేళ్ల కోసం బొరియలోకి పంపిన ఫెర్రెట్ ఎంతకీ బయటికి రావడం లేదు. తవ్వి తీయడం ఒక్కటే దారి. తీరా చూస్తే పార కారు డిక్కీలో ఉండిపోయింది. కారేమో నాలుగు పొలాల అవతల ఉంది!

ఫెర్రెట్లతో కుందేళ్లు పట్టేవాళ్లు ఎక్కువగా భయపడేది ఇలాంటి పరిస్థితికే. అలాగని పారను రోజంతా చేత్తో పట్టుకుని తిరిగితే వేరే పని సాగదు. మరి పారను చేత్తో పట్టుకోకుండా వెంట ఎలా మోస్తారు? చిన్న విషయంలా కనిపించినా.. ఓ పెంపుడు జంతువు ప్రాణం దీని మీదే ఆధారపడి ఉంటుంది. అదేంటో చూద్దాం..

అసలు ఫెర్రెట్ అంటే ఏంటి?

చూడ్డానికి మన ముంగిసలా ఉంటుంది. పొడవైన ఒళ్లు, పొట్టి కాళ్లు. కానీ ఇది నీటికుక్కల కుటుంబానికి చెందిన జంతువు. యూరప్ అడవుల్లో ఉండే పోల్‌క్యాట్‌ను మచ్చిక చేయగా వచ్చిన రకం. ఆడది సాధారణంగా కిలో లోపే ఉంటుంది. మగది దానికి దాదాపు రెట్టింపు బరువు తూగుతుంది.

రెండు వేల ఏళ్ల క్రితమే రోమన్ కాలపు రచయితలు స్ట్రాబో, ప్లినీ ఇలాంటి వేట గురించి రాశారు. బ్రిటన్‌లో కుందేళ్లను పెద్ద ఎత్తున పెంచడం మొదలుపెట్టింది నార్మన్లు. తర్వాత అవి పొలాల మీద పడ్డాయి. 1953లో మిక్సోమటోసిస్ అనే వైరస్ జబ్బు వచ్చి బ్రిటన్ కుందేళ్లలో అత్యధిక శాతాన్ని తుడిచిపెట్టేసింది. అయినా అవి మళ్లీ పుంజుకున్నాయి. మొలక దశలో ఉన్న గోధుమ, బార్లీ పైర్లను కొరికేస్తాయి, గట్లు తవ్వేస్తాయి. అందుకే రైతులు ఇప్పటికీ ఫెర్రెట్ల వాళ్లను పిలుస్తుంటారు.

పని జరిగే తీరు ఇదీ.. బొరియకు ఉన్న ప్రతి కన్నం మీద పర్స్ నెట్ అనే చిన్న వల పరుస్తారు. ఓ కన్నంలోంచి ఫెర్రెట్‌ను లోపలికి వదులుతారు. భయపడ్డ కుందేలు ఒక్క ఉదుటున బయటికి దూకి వలలో పడుతుంది. అంచు తాడు బిగుసుకుని వల మూసుకుపోతుంది. చెట్టూచేమా ఎండిపోయి కన్నాలు స్పష్టంగా కనిపించేది చలికాలంలోనే కాబట్టి ఈ పని ఎక్కువగా అప్పుడే చేస్తారు.

మరి పారతో పనేంటి?

ప్రతిసారీ కుందేలు బయటికి రాదు. ఒక్కోసారి లోపల దారి మూసుకుపోయిన చోట ఇరుక్కుని, వీపు అడ్డం పెట్టి కూర్చుంటుంది. ఫెర్రెట్ దాన్ని అక్కడే గోళ్లతో గీరుతూ ఉండిపోతుంది. లేదంటే లోపలే చంపేసి, తినేసి హాయిగా నిద్రపోతుంది. చచ్చిన కుందేలు దారికి అడ్డం పడి ఫెర్రెట్ వెనక్కి రాలేకపోవడం కూడా ఉంటుంది.

ఇందుకోసమే ఫెర్రెట్ మెడకు సిగ్నల్ పంపే చిన్న కాలర్ కడతారు. పైన నేల మీద రిసీవర్ పట్టుకుని నడిస్తే అది కచ్చితంగా ఎక్కడుందో తెలుస్తుంది. కొత్త రిసీవర్లు ఎంత లోతులో ఉందో కూడా చూపిస్తాయి. కానీ చోటు తెలిసినంత మాత్రాన లాభం లేదు కదా.. తవ్వాలి!

ఆ పారకు కాస్త సన్నగా, పొడుగ్గా ఉండే రేకు ఉంటుంది. మన పారలా రేకు కర్రకు అడ్డంగా ఉండదు, తిన్నగా ఉంటుంది. కర్ర పై కొసన చేత్తో పట్టుకోడానికి పిడి ఉంటుంది. కొందరు మట్టిలోకి గుచ్చి సొరంగం ఎక్కడుందో చూసుకోడానికి ఓ సన్నటి ఇనుప చువ్వ కూడా తెచ్చుకుంటారు.

చేతులు ఎందుకు ఖాళీగా ఉండాలి?

ఒక చేతిలో ఫెర్రెట్ల పెట్టె, భుజాన వలల సంచి ఉంటాయి. ముళ్లకంచెలు దాటాలి, తడి గట్లు ఎక్కాలి. వల పరచడానికి రెండు చేతులూ కావాలి. కుందేలు వలలో పడిన క్షణంలో పరిగెత్తి పట్టుకోవాలి. ఫెర్రెట్ కన్నంలోంచి తల బయటపెడితే నెమ్మదిగా రెండు చేతులతో అందుకోవాలి.

ఇంకో సంగతి కూడా ఉంది.. చప్పుడు! పార వెళ్లి ఇనుప చువ్వకు ఖంగుమని తగిలినా, ధబ్బున నేల మీద పడినా లోపలి కుందేళ్లు హుషారైపోతాయి. పైన మనిషి అలికిడి తెలిసిన కుందేలు బయటికి దూకడానికి ఇష్టపడదు. లోపలే మొండికేస్తుంది. అంటే తవ్వే పని ఇంకా పెరుగుతుంది. పారను నిర్లక్ష్యంగా మోసిన ఫలితం చివరికి ఆ పారతోనే తీర్చుకోవాల్సి వస్తుంది!

చేతులతో పని లేకుండా మోసే 4 పద్ధతులు

1. భుజానికి పట్టీ: అన్నిటికంటే తేలికైనది, చవకైనది. వెడల్పాటి నైలాన్ పట్టీ ఒక కొసను పిడికి, రెండో కొసను రేకుకు కాస్త పైన కర్రకు కడతారు. వీపు మీద ఏటవాలుగా వేసుకుంటే రెండు చేతులూ ఖాళీ. సన్నటి తాడు వాడితే కాసేపటికే భుజం కోసుకుపోతుంది. అందుకే పట్టీ వెడల్పుగా ఉండాలి.

2. బెల్టుకు తోలు కొక్కెం: పొట్టి కర్ర ఉన్న పారలకు ఇది సరిపోతుంది. పిడిని కొక్కేనికి తగిలిస్తే పార తొడ పక్కన వేలాడుతుంది. తీయడం, పెట్టడం క్షణంలో అయిపోతుంది. కానీ పొడవు పార అయితే నడుస్తుంటే పిక్కలకు కొట్టుకుంటుంది.

3. పెట్టెకే తగిలించడం: ఫెర్రెట్ల పెట్టెకు ఎలాగూ భుజం పట్టీ ఉంటుంది. పెట్టె పక్కన రెండు తోలు ఉచ్చులు బిగించి అందులో పార దూరుస్తారు. అన్నీ ఒకేచోట ఉంటాయి. అయితే బరువంతా ఒకే భుజం మీద పడుతుంది. పార తీసిన ప్రతిసారీ పెట్టె కదిలి లోపల ఉన్న ఫెర్రెట్లకు ఇబ్బంది.

4. వీపు సంచి: కొండలు, దూరపు నడకలు ఉన్నచోట ఇదే బెస్ట్. రేకును సంచి పక్క జేబులో పెట్టి, కర్రను పక్కనుండే పట్టీలతో బిగిస్తారు. వలలు, నీళ్లు లోపల పెట్టుకోవచ్చు. పార కావాలంటే మాత్రం సంచి దించాల్సిందే.

మడతపెట్టే చిన్న పార తీసుకెళ్తే సరిపోదా అని అనిపించొచ్చు. మోయడానికి బాగానే ఉంటుంది. కానీ కర్ర పొట్టిగా ఉంటే లోతుకు వెళ్లేకొద్దీ బలం చాలదు. మీటరు లోతు గట్టి మట్టిలో తవ్వాలంటే చుక్కలు కనిపిస్తాయి.

రేకు కిందికా.. పైకా?

రేకు పైకి ఉంటే అంచు మెడ దగ్గరికి వస్తుంది. తడి గట్టు మీద జారి పడితే పెద్ద ప్రమాదమే. అందుకే రేకు కిందికే ఉండాలి. అప్పుడు కర్ర తల మీదుగా లేచి కొమ్మలకు తగులుకోవచ్చు. కాబట్టి చెట్ల మధ్యకు వెళ్లేముందు పట్టీని కాస్త వదులు చేసి పారను కిందికి దించుకోవాలి. పాత నీళ్ల పైపు ముక్కను నిలువుగా చీల్చి రేకు అంచుకు తొడిగితే ఒంటికి గీసుకోదు, చప్పుడూ రాదు. కంచె దాటేటప్పుడు మాత్రం ఏ పద్ధతిలో మోసినా సరే.. పారను ముందు తీసి అవతల పక్క నేల మీద పెట్టి, తర్వాతే మనిషి దాటాలి.

తవ్వేటప్పుడు ఇవి మర్చిపోవద్దు

- ముందు గడ్డిని చదరంగా కోసి పక్కన పెట్టాలి. పని అయ్యాక మళ్లీ అక్కడే పరవాలి.
- మధ్యమధ్యలో రిసీవర్‌తో చూసుకోవాలి. లోపల ఫెర్రెట్ కదులుతూ ఉండొచ్చు.
- సొరంగం దగ్గరపడ్డాక పార పక్కన పెట్టి చేతులతోనే మట్టి తీయాలి. ఒక్క పోటు గురి తప్పినా కింద ఉన్నది మన ఫెర్రెట్టే.
- ఇసుక నేలల్లో లోతుగా తవ్వి తల, భుజాలు లోపలికి దూర్చొద్దు. ఒక క్యూబిక్ మీటరు మట్టి సుమారు 1.5 టన్నుల బరువు ఉంటుంది. కూలితే బయటపడటం కష్టం.
- గొయ్యి పూడ్చకుండా వెళ్లొద్దు. ఆవు కాలో, గుర్రం కాలో అందులో పడి విరిగితే ఆ రైతు మళ్లీ పొలంలోకి రానివ్వడు.

చట్టం ఏం చెబుతోంది?

బ్రిటన్‌లో 1880 నాటి గ్రౌండ్ గేమ్ చట్టం.. సాగుదారుకు తన పొలంలో కుందేళ్లను పట్టే హక్కు ఇచ్చింది. బయటివాళ్లు అయితే ముందుగా అనుమతి తీసుకోవాల్సిందే. బ్యాడ్జర్ల బొరియల జోలికి మాత్రం అస్సలు పోకూడదు. 1992 చట్టం వాటికి గట్టి రక్షణ కల్పించింది. బ్యాడ్జర్ బొరియ దగ్గర పారతో దొరికితే సమాధానం చెప్పుకోవడం చాలా కష్టం. అందుకే తవ్వేముందు అది ఏ జంతువు బొరియో నిర్ధారించుకోవాలి.

మన దగ్గర కుదురుతుందా?

కుదరదు. తెలుగు రాష్ట్రాల పొలాల్లో కనిపించే చెవులపిల్లి బొరియ తవ్వుకోదు. పొదల చాటున, గడ్డిలోనే ఉంటుంది. పైగా 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దాన్ని వేటాడటం నేరం.

బ్రిటన్‌లోనైనా ఫెర్రెట్‌ను బొరియలోకి పంపేది మనిషే. అది బయటికి రాకపోతే తీసుకురావాల్సిన బాధ్యత కూడా అతనిదే. అందుకే అనుభవం ఉన్నవాళ్లు ఇంటి దగ్గర బయల్దేరేటప్పుడే పార భుజాన ఉందా లేదా అని ఒకసారి తడిమి చూసుకుంటారు. అది లేకపోతే.. ఫెర్రెట్‌ను పెట్టెలోంచి బయటికే తీయరు.