ఒరలో రెండు కత్తులు

2024 నవంబరులో లినక్స్ 6.12 కెర్నల్ వచ్చింది. అప్‌డేట్ చేసుకుని ఎప్పట్లాగే వర్చువల్‌బాక్స్ తెరిచిన కొందరికి లోపలి వర్చువల్ మెషీన్ మొరాయించింది. ప్రాసెసర్‌లోని వీటీ-ఎక్స్ సదుపాయాన్ని ఇంకో హైపర్‌వైజర్ (ఇలాంటి మెషీన్లను నడిపే సాఫ్ట్‌వేర్) వాడుకుంటోందని తెర మీద ఫిర్యాదు. ఆ ఇంకొకటి ఎక్కడి నుంచో ఊడిపడలేదు, లినక్స్ కడుపులోనే ఉన్న కేవీఎం. అంతకుముందు తన మొదటి మెషీన్ లేచేదాకా అది ప్రాసెసర్ జోలికి వెళ్లేది కాదు. 6.12 నుంచి మాడ్యూల్ లోడ్ అవగానే పీట వేసుకుని కూర్చుంటోంది.

ఒక్క కంప్యూటర్‌ను పది కంప్యూటర్లని నమ్మించే విద్య పాతదే. 1967లోనే అమెరికాలోని కేంబ్రిడ్జిలో ఐబీఎం వాళ్ల సీపీ-40 ఒకే సిస్టమ్/360 మీద 14 మెషీన్లను నడిపింది. ఇళ్లలోకి వచ్చిన ఎక్స్86 ప్రాసెసర్లకు మాత్రం ఆ విద్య ఓ పట్టాన అబ్బలేదు. పెంటియంలో చిక్కు ఆదేశాలు 17 తేలాయి. పాప్ఎఫ్ అనే ఆదేశం సంగతే చూడండి: అధికారం లేని ప్రోగ్రాం దాంతో ఇంటరప్టులు ఆపబోతే, ప్రాసెసర్ ఆ పని చెయ్యదు, కుదరదనీ చెప్పదు. కాపలా ఉన్న హైపర్‌వైజర్‌కు కబురే అందదు. 1999లో వీఎంవేర్ అలాంటి ఆదేశాలను నడుస్తుండగానే తిరగరాసి గట్టెక్కింది. మొండి పనే, కానీ పనిచేసింది. 2005లో ఇంటెల్ వీటీ-ఎక్స్‌ను చిప్‌లోనే పెట్టింది. హైపర్‌వైజర్‌కు 'రూట్' స్థితి, అది నడిపే అతిథి మెషీన్లకు వేరే స్థితి. ఒక్కో కోర్‌కు ఆ రూట్ గద్దె ఒక్కటే, ఒరలో రెండు కత్తులు ఇమడవు.

కంటెయినర్లకు ఈ పేచీ లేదు, వాటికి గద్దెతో పనేలేదు. లోపల వేరే కెర్నల్ ఉండదు. ఉన్న కెర్నలే కొన్ని ప్రాసెస్‌ల చుట్టూ అడ్డుగోడలు కట్టి, ఇల్లంతా మీదేనని నమ్మిస్తుంది. వియన్నాలోని ప్రాక్స్‌మాక్స్ సంస్థ 2008లో కేవీఎం మెషీన్లనూ ఓపెన్‌వీజెడ్ కంటెయినర్లనూ ఒకే తెర మీదికి తెచ్చింది. 2015లో ఓపెన్‌వీజెడ్ స్థానంలోకి ఎల్ఎక్స్‌సీ వచ్చింది. ఇంటి సర్వర్‌కు ఇది అతికినట్టు సరిపోయింది: విండోస్ కావాలంటే కేవీఎం, ప్రకటనలను అడ్డుకునే పై-హోల్‌కు చిన్న కంటెయినర్ చాలు.

దీనికి తోడు, కంటెయినర్లనే నడిపే డాకర్‌ను కూడా నేరుగా ప్రాక్స్‌మాక్స్ నడిచే హోస్ట్ మీద ఎక్కిస్తేనే అసలు తంటా. నెట్‌వర్క్ దారులు తనవేనన్నట్టు అది కెర్నల్ ఫైర్‌వాల్‌లో ప్యాకెట్లను దాటించే ఫార్వర్డ్ గొలుసుకు 'డ్రాప్' (పారేయి) అని రాసేస్తుంది. బ్రిడ్జి మీది ప్యాకెట్లు కూడా ఆ గొలుసు గుండా వెళ్లే అమరిక ఉంటే, పక్కనున్న కేవీఎం మెషీన్ నిక్షేపంగా నడుస్తూనే ఉంటుంది, పింగ్ మాత్రం బయటికి పోదు. తప్పు మెషీన్‌లో ఉందనుకుని దాన్నే గంటల తరబడి తవ్వుతారు. ప్రాక్స్‌మాక్స్ పత్రాలే డాకర్‌ను కేవీఎం మెషీన్ లోపల పెట్టుకోమంటాయి. అక్కడ అది ఎన్ని 'డ్రాప్'లు రాసుకున్నా ఆ మెషీన్ గడప దాటవు.