మీకు తెలుసా? నౌపడ ఉప్పు, కోడూరు మాంగనీసు

శ్రీకాకుళము జిల్లాలోని నౌపడ ఉప్పుమడులలో సముద్రజలము ఎండకు ఇగురుచుండగా, అందు కరిగియున్న లవణములన్నియు ఒక్కమారే పేరుకొనక, మొదట కాల్షియం కార్బొనేటు, పిమ్మట జిప్సమనబడు కాల్షియం సల్ఫేటు, ఆ తరువాతనే మన వంటింటి సోడియం క్లోరైడు వేరుపడుననియు, కట్టకడపటి చేదునీటిలో మెగ్నీషియం లవణములు నిలిచిపోవుననియు మీరెరుగుదురా? వానకాలమున కల్లుప్పు జాడీలో చెమ్మగిల్లుటకు, దానినంటివచ్చిన మెగ్నీషియం క్లోరైడే ముఖ్యకారణము.

ఇట్టి అయానిక పదార్థములకు పేరిడునప్పుడు ధనావేశముగల అయానును ముందును, ఋణావేశముగల దానిని వెనుకను చెప్పుదురు. ఋణ అయాను ఒంటి మూలకమైనచో పేరు 'ఐడు'తో ముగియును. ఆక్సిజను చేరిన సమూహమైనచో సాధారణముగ 'ఏటు'తోనో 'ఐటు'తోనో ముగియును. పైన చెప్పిన మూడు లోహములకును తమతమ ఆవేశము మారదు గనుక ఇంతటితో సరి.

చిక్కంతయు విజయనగరము వైపు, 1892లో మాంగనీసు త్రవ్వకము మొదలైన కోడూరు గనుల ఖనిజముతో వచ్చును. ఉత్త 'మాంగనీసు ఆక్సైడు' అన్నచో ఏమియు తేలదు: ఒక ఆక్సిజను చేరినది ఆకుపచ్చన, రెండు చేరిన పైరోలుసైటు కారునలుపు. అందుచేతనే జర్మను రసాయనవేత్త ఆల్ఫ్రెడ్ స్టాక్ 1919లో సూచించిన పద్ధతి ననుసరించి, లోహము పేరు ప్రక్కన దాని ఆక్సీకరణసంఖ్యను రోమను అంకెలో వ్రాయుదురు. మొదటిది మాంగనీసు (రెండు) ఆక్సైడు, రెండవది మాంగనీసు (నాలుగు) ఆక్సైడు. పూర్వము బావులలో చల్లిన ఊదారంగు పొటాషియం పర్మాంగనేటునందు ఈ సంఖ్య ఏడు. అందు మాంగనీసు, లోహమయ్యును, ఋణ అయానులో చేరి పేరున వెనుకబడినది.